మన్యం కొండ ఊళ్లో ఏడాది ఉండాలంటే నిజంగా ఏం తెలిసి ఉండాలి?

నగరంవదిలి:

అందరికీ నమస్కారం. నా వయసు 36, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లయింది, పిల్లలు లేరు. పోయిన జనవరిలో పాడేరు దాటి లోపలికి, జీపు దిగాక ఇంకో గంటన్నర కొండెక్కితే వచ్చే ఒక చిన్న ఊళ్లో తెలిసినవాళ్లింట్లో మూడు రోజులున్నాను. ఇరవై ఇళ్లు కూడా ఉండవు. ఆ మూడు రోజుల్లో ఆ ఇంట్లో బయట కొన్న వస్తువంటూ నాకు కనిపించింది ఉప్పు ఒక్కటే. తిండి వాళ్ల చేలోది, నీళ్లు కొండమీది ఊటవి, చీపురు, తట్ట, విస్తరాకు అన్నీ వాళ్ల చేత్తో చేసుకున్నవే. రాత్రి పొయ్యి చుట్టూ కూర్చుని ఆ ఇంటి పెద్దాయన చోళ్ల (రాగుల) గురించీ వానల గురించీ చెబుతుంటే ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత నిమ్మళంగా అనిపించింది. నా స్వెటర్‌కి పట్టిన ఆ పొయ్యి పొగ వాసన రెండుసార్లు ఉతికినా పోలేదు, పోవాలనీ నాకు లేదు.

నేనూ మా ఆవిడా ఒక ఏడాది అలాంటి చోట ఉండి చూద్దామని, కుదిరితే రెండెకరాలు కొనుక్కుని మా తిండి మేమే పండించుకుంటూ ఉండిపోదామని ఆలోచన. కొంత డబ్బు దాచుకున్నాం, కష్టపడటానికి సిద్ధమే. యూట్యూబ్‌లో చూస్తే పొద్దుటి మంచు, కాఫీ తోటలు తప్ప ఇంకేం లేవు, మామూలు రోజు ఎలా గడుస్తుందో ఒక్కరూ చెప్పడం లేదు. అక్కడ పుట్టినవాళ్లు గానీ, ఉద్యోగం మీద ఉండి వచ్చినవాళ్లు గానీ ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. రోజుకి ఎన్ని గంటల పని? ఏ నెలలు కష్టం? బయటి నుంచి ఏమీ కొనకుండా నిజంగా బతకొచ్చా?

గెడ్డపక్కఇల్లు:

అన్నా, మీరు చెప్పినలాంటి ఊరే మాది. మేం భగత తెగవాళ్లం, మా పైన కొండమీదున్న ఊళ్లు కోందు తెగవాళ్లవి. నేను హాస్టళ్లలో చదువుకుని ఇప్పుడు విశాఖలో నర్సుగా చేస్తున్నాను, నెలకోసారి ఇంటికి వెళ్తాను. అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు అక్కడే ఉంటారు.

మీరు వెళ్లింది జనవరిలో. ఏడాది మొత్తంలో మా ఊరికి అన్నిటికన్నా మంచి నెల అదే. చోళ్లు, సామలు నూర్చి ఇంట్లోకి చేర్చేసి ఉంటాం, వలిసెలు (నూనె గింజలు) అయిపోయి కంది మాత్రం చేలో ఉంటుంది, కాఫీ పళ్లు కోసిన డబ్బులు చేతిలో ఆడుతుంటాయి. చలి గట్టిగానే ఉంటుంది, లంబసింగి వైపు 5 డిగ్రీల కిందికి పోయే రోజులుంటాయి, కానీ పొయ్యి దగ్గర కూర్చోవడానికి అందరికీ తీరిక ఉంటుంది. పెద్దాయన మీతో అన్ని కబుర్లు చెప్పారంటే అందుకే. అదే పెద్దాయనని ఆగస్టులో పలకరిస్తే మాట్లాడే ఓపిక ఉండదు.

మా కొండ చేలల్లో ఒకే పంట వెయ్యరు. జూన్‌లో వాన పడ్డాక చోళ్లు, సామలు, మొక్కజొన్న, కంది, మధ్యలో గుమ్మడి, చిక్కుడు, అన్నీ కలిపి వేస్తారు. మొదట మొక్కజొన్న కండెలు వస్తాయి, తర్వాత సామలు, దసరా దాటాక చోళ్లు, సంక్రాంతి తర్వాత కంది. ఒక వాన ఎగ్గొడితే ఒక పంట పోతుంది, అన్నీ ఒకేసారి పోవు. కింద గెడ్డ (వాగు) పక్కన పల్లంలో నాలుగు మళ్లుంటే వరి. ఏడాదికి సరిపడా గింజ ఇంట్లో ఉందా లేదా, మా నాన్నకి తెలిసిన లెక్క అదొక్కటే.

కష్టం జులై నుంచి సెప్టెంబర్ దాకా. పాత గింజ అడుగంటుతుంది, కొత్తది ఇంకా పచ్చిగానే ఉంటుంది, నాట్లు, కలుపు అంతా అప్పుడే, జ్వరాలూ అప్పుడే. మా నానమ్మ ఉన్నప్పుడు ఆ నెలల కోసం ఎండాకాలంలోనే మామిడి టెంకలు దాచేది. వాటిని ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి, చేదు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి ఆ పిండితో అంబలి కాచేది. చిన్నప్పుడు నేనూ తాగాను. బూజు పట్టిన జీడి అయితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ఒక్కో పలుకూ వెలుతురులో పట్టి చూసేది. అడవి దుంపలు కూడా అంతే, కొన్నిటిని ముక్కలు కోసి పారే నీళ్లలో రాత్రంతా ఉంచకపోతే తినకూడదు, ఏ దుంపకి ఎంతసేపో తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. ఇప్పుడు రేషన్ బియ్యం ఉన్నాయి కాబట్టి మా పిల్లలకి టెంకల అంబలి తెలీదు. రేషన్ వచ్చాక చోళ్లు వెయ్యడం తగ్గిందని నాన్న బాధపడతాడు, నాకు మాత్రం రెండూ కావాలి. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, గర్భిణులకి మందు బిళ్లతో పాటు నేను చెప్పేది ఆ అంబలి గురించే. పైగా గింజ సన్నం, పైపొర గట్టి, పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలవుంటుంది.

అమ్మ రోజు గురించి చెప్తాను. కోడి కూతకి లేస్తుంది. నీళ్లు, పొయ్యి, పశువులు, ముందురోజు పులిసిన చోడిపిండితో అంబలి. అది సొరబుర్రలో పోసుకుని చేనికి వెళ్తారు. ఆ బుర్ర మీరు చూసే ఉంటారు. సొరకాయని కోయకుండా తీగకే వదిలేస్తే పైన పెంకు కర్రలా గట్టిపడుతుంది, అప్పుడు మెడ దగ్గర చిన్న కన్నం పెట్టి నీళ్లు నింపి లోపలి గుజ్జు కుళ్లేదాకా ఉంచుతారు. తర్వాత ఇసుక, చిన్న రాళ్లు వేసి అటూ ఇటూ గిలకరించి, లోపల నున్నగా అయ్యేదాకా కడిగి, ఆరబెట్టి, ఆకు చుట్టి మూత పెడతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దాంట్లో అంబలి చల్లగా ఉంటుంది. మా ఇంట్లో ఉన్న ఒక బుర్ర నాకంటే పెద్దది, మెడ దగ్గర అమ్మ చెయ్యి పట్టే చోట నల్లగా మెరుస్తూ ఉంటుంది. చేనులో పని అయ్యాక వచ్చేటప్పుడు నెత్తిమీద కట్టెల మోపు, ఇంటికొచ్చి మళ్లీ నీళ్లు, దంపుడు, వంట. పొద్దుపోయాక విస్తర్లకి అడ్డాకులు కుట్టడం కూడా ఉంటుంది. గంటలు లెక్కేస్తే పద్నాలుగు పదిహేను అవుతాయి, మగవాళ్లకి ఒక రెండు మూడు తక్కువ.

ఉప్పు ఒక్కటే కొన్నారన్నారు. ఉప్పు, ఎండు చేపలు, బట్ట, ఇనుము, వీటికోసం సంతకి నడవని తరం మా కొండల్లో ఏదీ లేదు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, పిప్పళ్లు, పసుపు దింపి ఇవి ఎక్కించుకొస్తారు. చింతపండు లాంటివి కొనడానికే గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టారు. మా నానమ్మకి గొంతు దగ్గర ఇంత వాపు ఉండేది, నర్సింగ్ చదివాకే నాకర్థమైంది అది గాయిటర్ అని. కొండ నేలల్లో అయోడిన్ వానలకి కొట్టుకుపోతుంది, అక్కడ పండింది మాత్రమే తింటే అది చాలదు. అయోడిన్ ఉప్పు మాకు ఏదో పైనుంచి వచ్చిన సౌకర్యం కాదు, మందు.

పాతకచేరి:

భూమి మాట వచ్చింది కాబట్టి అది ముందే తేల్చేద్దాం, లేకపోతే మీ డబ్బు పోతుంది. ఆ రెండెకరాలు మీరు కొనలేరు. ఆ ఊరున్నది ఏజెన్సీలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న గిరిజన ప్రాంతం. 1959 భూబదలాయింపు నిబంధనలని 1970లో సవరించారు, జనం 1/70 చట్టం అని పిలిచేది దాన్నే. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లే అమ్మకం, కౌలు, తాకట్టు, దానం ఏదీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనేతరుడైతే చెల్లదు. స్థానికుడి పేరు మీద కొనిపెడతాం, కాగితం మన మధ్యే ఉంటుంది అని ఎవరైనా చెబితే దగ్గరికి రానివ్వకండి, దానివల్ల నష్టపోయేది మీతో పాటు ఆ పేరున్న కుటుంబం కూడా.

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టాలూ అంతే. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకి గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు ఇస్తారు, అది పిల్లలకి వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం సొంత భూమిని కూడా ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదంది. ఈ చట్టాలు మీకు అడ్డంగా కనిపించొచ్చు. మీరు మూడు రోజులు చూసి ఇష్టపడిన ఊరు ఇంకా ఊరుగా మిగిలి ఉండటానికి వీటి పాత్ర చాలా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఉండాలనుకుంటే ఊరివాళ్లు ఒప్పుకుంటే అతిథిగా ఉండండి, భూమి ఆశ పెట్టుకోకండి.

కొండబడి:

నేను ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున చింతపల్లి వైపు ఒక ఊళ్లో 14 నెలలు పిల్లలకి చదువు చెప్పాను. బయటినుంచి వెళ్లినవాడిగా రెండు విషయాలు చెబుతాను.

మొదటిది నీళ్లు. మా ఊరికి పైన కొండలో ఊట ఉండేది, అక్కడ చిన్న తొట్టి కట్టి పైపు వేసి కింద ట్యాంకుకి దింపారు, మోటారు లేదు, కరెంటు అవసరం లేదు, గ్రావిటీ స్కీమ్ అంటారు. వినడానికి ఎంత బాగుందో కదా. వానాకాలంలో వారానికి రెండుసార్లు ఆకులూ బురదా అడ్డుపడి నీళ్లు ఆగిపోయేవి, అప్పుడు జలగల్లో నడుచుకుంటూ పైకెక్కి జాలీ విప్పి కడగాలి. ఏప్రిల్, మే వచ్చేసరికి ధార వేలంత సన్నబడిపోయేది, బిందె నిండేదాకా అక్కడే కూర్చోవాలి. ఊటకి పైనున్న చెట్లు కొట్టకూడదని ఊళ్లో కట్టుబాటు ఉంది, చిన్న కొమ్మ విరిచినా పెద్దవాళ్లు నిలదీస్తారు. మొదట్లో నాకది మూఢనమ్మకం అనిపించింది, ఒక్క ఎండాకాలం గడిపాక అర్థమైంది. చెట్టు ఉన్న వాలులో వాన నీరు నేలలోకి ఇంకుతుంది, నెలల తర్వాత ఊటగా వచ్చేది ఆ నీరే. చెట్టు పోయిన పక్క కొండ కింద ఊళ్లో ఫిబ్రవరికే ఊట ఎండిపోయేది.

రెండోది, అసలు మీరు అడగనిది. ‘మా తిండి మేమే పండించుకుంటాం’ అని రాశారు, ఇద్దరే. ఇద్దరితో అది జరగదు. అక్కడ ఏ ఇల్లూ తన చేనుని తనొక్కటే కోసుకోదు. ఇవాళ మా చేలో పదిమంది, రేపు వాళ్ల చేలో మేం, కూలి డబ్బు మాటే రాదు, అంబలి, మధ్యాహ్నం కూర, అంతే. ఇంటి పైకప్పు వేసినా అంతే, గొడ్డు లోయలో పడినా అంతే. నా దగ్గర చేను లేదు, కాబట్టి నేను తిరిగి ఇవ్వగలిగింది పని ఒక్కటే. మొదటి నెల నన్ను ఎవరూ పిలవలేదు, నేనే కొడవలి అడిగి తీసుకుని వెళ్లి కలుపు తీస్తానని చోడి మొక్కలు పీకేశాను. లేత చోడీ, గడ్డీ ఒకేలా ఉంటాయి. పక్కనున్న అమ్మ ఒక మొక్క పీకి నా వేళ్ల మధ్య పెట్టి మొదలు నొక్కమంది. చోడి మొక్క మొదలు పలకగా తగులుతుంది, ఆ గడ్డిది గుండ్రంగా ఉంది. ఆ రోజు నుంచి కంటితో కాకుండా వేలితో కలుపు తీశాను, తర్వాత నన్ను పిలవడం మొదలుపెట్టారు.

భాష కూడా చూసుకోండి. తెలుగు చాలామందికి వస్తుంది, కానీ కోందు ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది కువి. ముసలివాళ్లతో కూర్చోవాలంటే కాస్తయినా నేర్చుకోవాలి.

నగరంవదిలి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. భూమి చట్టం సంగతి నాకు అసలు తెలియదు, ఆ ఆలోచన ఇక్కడితో వదిలేస్తున్నా. కొండబడి గారు చెప్పిన రెండో విషయం రాత్రంతా తిరుగుతూనే ఉంది, నేను చూసిన ఇంట్లో కూడా భోజనానికి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు బయటివాళ్లు ఉండేవారు, చుట్టాలనుకున్నాను.

అక్కా, మీరు నర్సు కాబట్టి ఒకటి అడుగుతాను. మా ఆవిడకి చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇన్‌హేలర్ వాడుతుంది. హైదరాబాద్ దుమ్ము కన్నా కొండ గాలి మంచిదని మేం అనుకుంటున్నాం. నిజమేనా? ఏదైనా అయితే ఏం చేస్తారు అక్కడ?

గెడ్డపక్కఇల్లు:

కొండ గాలి మంచిదే అన్నా, ఇంటి గాలి కాదు. మీ స్వెటర్‌కి పట్టిన పొగ మా అమ్మ ఊపిరితిత్తుల్లో నలభై ఏళ్లుగా పడుతోంది. ఆ పొగ మాకు అవసరం కూడా. పొయ్యి పైన అటక ఉంటుంది చూడండి, విత్తనానికి ఉంచిన మొక్కజొన్న కండెలు అక్కడే వేలాడదీస్తాం, పొగ తగులుతుంటే పురుగు రాదు, చినుకుల కాలంలో చెమ్మ పట్టదు. వచ్చే ఏడాది పంట అంతా ఆ మసిపట్టిన అటక మీదే ఉంటుంది. అందుకే కిటికీ పెట్టమంటే నాన్న ఒప్పుకోలేదు. మూడేళ్లు పోరాడి వంట పొయ్యి వసారాలోకి మార్పించాను, లోపలి పొయ్యి విత్తనం కోసం రోజూ సాయంత్రం కాసేపు మాత్రం రాజేస్తారు. అమ్మ దగ్గు తగ్గింది. మీ ఆవిడని లోపల వంట చేసే ఇంట్లో మాత్రం ఉంచొద్దు, వాన పట్టిన రోజుల్లో తలుపు కూడా మూసేస్తారు, ఇన్‌హేలర్ సరిపోదు.

ఏదైనా అయితే డోలీ. ఒక బలమైన కర్రకి దుప్పటి ఊయలలా కట్టి, మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు, మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు వెంట నడవాలి. నాలుగేళ్ల కింద మా మరదలికి రాత్రి నొప్పులొస్తే అలాగే దింపారు. గెడ్డ పొంగింది, అవతల రోడ్డు మీద 108 బండి లైట్లు కనపడుతూనే ఉన్నాయి, నీళ్లు తగ్గేదాకా రెండు గంటలు వానలో గొడుగులు పట్టి నిలబడ్డారు. నేను ఫోన్‌లో ఉన్నాను, తమ్ముడు సిగ్నల్ కోసం రాయెక్కి చెప్తుంటే సగం మాటలు తెగిపోతున్నాయి. పదేళ్లు ఆసుపత్రిలో పనిచేసిన నాకు ఆ రెండు గంటల్లో చెయ్యగలిగింది ఏమీ లేదు. పాప బతికింది, తల్లీ బతికింది. రెండో కాన్పుకి నెల ముందే కిందికి తీసుకొచ్చి గర్భిణుల వసతి గృహంలో పెట్టాను, తను ఏడ్చింది, చోళ్లు కోసే టైమ్‌లో ఇల్లు వదిలి రావడం తనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

మలేరియా సంగతి కూడా చెప్పాలి. వానాకాలం జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఆశా కార్యకర్త దగ్గర వేలిమీద రక్తం తీసి చూసే కిట్ ఉంటుంది, అక్కడే తేలిపోతుంది. మా వైపు ఎక్కువ ఫాల్సిపారమ్ రకం, అది మెదడుకి ఎక్కితే డోలీ దిగేలోపే అయిపోతుంది.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని రావొద్దనడం లేదు. నాకు మా ఊరంటే ప్రాణం, పెన్షన్ వచ్చాక వెళ్లి ఉండబోయేది అక్కడే. ఏడాది సంగతి తర్వాత, ముందు ఒక్క వారం ఆగస్టులో వచ్చి చూడండి. నిన్న అమ్మని అడిగాను, కలుపుకి మనుషులు తక్కువున్నారంది, రమ్మంది. మీ ఆవిడకి వసారాలో మంచం వేస్తారు. మంచి దోమతెర, ఇన్‌హేలర్లు రెండు, జలగలకి పొడుగు సాక్సులు తెచ్చుకోండి. ఇంటికేమైనా తేవాలనిపిస్తే స్వీట్లు వద్దు, ఉప్పు, ఎండు చేపలు తెండి. జీపు దిగాక రెండో గెడ్డ దగ్గర నీళ్లు ఎర్రగా ఉంటే దాటొద్దు, ఇవతలే నిలబడి గట్టిగా కేకెయ్యండి, పైన చేలో ఎవరో ఒకరు ఉంటారు, దిగి వస్తారు.